ఎస్తోనియా తన ఫిరంగులు ఉక్రెయిన్‌కు ఇచ్చేయడం తెలివైన పనేనా?

రాయగడ కుర్రాడు

మా ఇంట్లో ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదన ఇంకా తెగలేదు. నాన్నా నేనూ రెండు రోజులుగా ముభావంగా ఉన్నాం. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నేను ఒడిశా ప్రభుత్వ అధికారుల ఉద్యోగాల కోసం పెట్టే ఓఏఎస్ పరీక్షకు చదువుతున్నాను. ఆ చదువులో ఎస్తోనియా సంగతి తగిలింది. ఉత్తర యూరప్‌లో రష్యా పక్కనున్న దేశం అది. దేశం మొత్తం జనాభా 13.7 లక్షలు. 2011 లెక్కల్లో మన కొరాపుట్ జిల్లా ఒక్కదాని జనాభా ఇంచుమించు అంతే. అంత చిన్న దేశం 2023 జనవరిలో తన దగ్గరున్న ఎఫ్‌హెచ్-70 ఫిరంగులన్నీ ఉక్రెయిన్‌కు ఇచ్చేస్తున్నట్టు ప్రకటించింది. 2024 నుంచి 2027 దాకా ఏటా జీడీపీలో 0.25 శాతం ఉక్రెయిన్ సైనిక సాయానికే కేటాయిస్తానని కూడా మాటిచ్చింది. ఉక్రెయిన్‌తో వాళ్ళకు సరిహద్దే లేదు. సరిహద్దు ఉన్నది రష్యాతో.

నాకు ఇది సబబుగానే తోచింది. నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. ఆయన సునాబెడ ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. 1964లో ఆ ఫ్యాక్టరీ పెట్టిందే మిగ్-21 ఇంజిన్ల కోసం, సోవియట్ సాయంతో. ఆ జీతంతోనే మా అక్క పెళ్ళయింది, నేను చదువుకున్నాను. నాన్న ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఒక నోటుబుక్కు ఉంది. రష్యన్ మాటలు తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థాలు రాసుకున్నారు. నూనె మరకలకి అట్ట నల్లబడిపోయింది. ఆ పుస్తకం తెచ్చి నా కంచం పక్కన పెట్టి, "1971లో అమెరికా ఓడలు బంగాళాఖాతంలోకి వస్తే మన పక్కన ఎవరు నిలబడ్డారు? ఆ దేశాన్ని పట్టుకుని శత్రువు అంటావా?" అన్నారు. నేను మాట్లాడలేకపోయాను.

మీరేమంటారు? పెద్దలు కోప్పడకుండా చెప్పండి.

జయపురం కిరాణా

తమ్ముడూ, మీ నాన్నగారి మాటే నిజం. నేను వ్యాపారం చేసేవాణ్ణి, లెక్కలో చెప్తాను. ఎస్తోనియాలో వ్యాట్ 20 శాతం ఉండేది. 2024 జనవరిలో 22 చేశారు. 2025 జూలైలో 24 చేశారు. రక్షణ ఖర్చు పెరిగిపోవడమే దానికి పెద్ద కారణం. అంటే అక్కడి ముసలమ్మ రొట్టె కొన్నప్పుడల్లా ఆ ఫిరంగుల బాకీ తీరుస్తోంది.

యుద్ధం సాగేకొద్దీ నష్టపోయేది మనలాంటి వాళ్ళే. 2022 మార్చిలో నా కొట్లో ఏం జరిగిందో చెప్తాను. పొద్దుతిరుగుడు నూనె మనకు ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. యుద్ధం మొదలవగానే సరుకు ఆగింది, ధర ఎగబాకింది. లీటరు ప్యాకెట్టు పట్టుకెళ్ళే వాళ్ళు అర లీటరు అడిగారు. ఒకావిడ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్ళీ ర్యాక్‌లో పెట్టేసి పామాయిల్ పట్టుకెళ్ళింది. ఎక్కడి కీవ్, ఎక్కడి జయపురం! ఆయుధాలు పంపేవాళ్ళు యుద్ధాన్ని పొడిగిస్తున్నారు. ఏనుగు పక్కన కాపురముండేవాడు దాని తోక లాగకూడదు. లాగితే తొక్కేస్తుంది, అంతే.

గుణుపురం మాజీ జవాను

బాబూ రాయగడా, ముందు ఒక దిద్దుబాటు. ఎస్తోనియా ఇచ్చేసినవి లాగుడు ఫిరంగులు, అంటే ట్రక్కు వెనక కట్టి తీసుకెళ్ళేవి. కొరియా నుంచి కొన్న కే-9లు, సొంత ఇంజిన్ మీద నడిచేవి, వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేసినట్టు అనుకోకూడదు. అయినా అంత చిన్న సైన్యానికి అది పెద్ద త్యాగమే. నేను తోపుల రెజిమెంటులో చేశాను కాబట్టి నాకు తెలుసు. మనిషికి తన గన్ను మీద మమకారం ఉంటుంది. రోజూ తుడిచి గ్రీజు పూసిన దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం మాటలు కాదు.

ఇక జయపురం అన్నగారి తోక సంగతి. ప్స్కోవ్ అని ఒక ఊరుంది రష్యాలో, ఎస్తోనియా సరిహద్దుకు దగ్గర. రష్యావాళ్ళ 76వ పారాట్రూపర్ డివిజను ఉండేది అక్కడే. ఎస్తోనియా మీదకు ఏదైనా వస్తే ముందు వచ్చేది వాళ్ళే అని అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 2022లో ఆ డివిజనే కీవ్ వైపు వెళ్ళింది. ఉక్రెయిన్‌లో బాగా దెబ్బతింది. ఇప్పుడు చెప్పండి, ఎస్తోనియా ఫిరంగి ఉక్రెయిన్ మట్టిలో పేలుతుంటే అది ఎవరి కాపలా కాస్తున్నట్టు? సైనికుడి లెక్కలో షెడ్డులో ఉన్న గన్ను కన్నా సరైన చోట పేలుతున్న గన్నుకే విలువ.

ఇంకొకటి. వాళ్ళు యుద్ధం మొదలయ్యాక మేలుకోలేదు. ట్యాంకులను కొట్టే జావెలిన్ క్షిపణులు 2022 ఫిబ్రవరి 24కు ముందే పంపారు. పాత డి-30 ఫిరంగులు కూడా ముందే పంపుదామన్నారు గాని, అవి ఒకప్పటి తూర్పు జర్మనీవి, ఫిన్లాండ్ మీదుగా వీళ్ళ చేతికొచ్చాయి. జర్మనీ అనుమతి కావాలి. దాడి మొదలైన రెండు రోజులకు గాని ఆ అనుమతి రాలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

బరంపురం వకీలు

మంచి చర్చ. నేను 1939 దగ్గరికి తీసుకెళ్తాను. అసలు జవాబు అక్కడుందని నా నమ్మకం.

1920 ఫిబ్రవరి 2న తార్తూ పట్టణంలో సోవియట్ రష్యా ఎస్తోనియాతో ఒప్పందం చేసుకుంది. ఆ భూమి మీద మాకున్న హక్కులన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నాం అని రాసిచ్చింది. 1932లో ఒకరి మీద ఒకరు దాడి చేసుకోకూడదని ఇంకో ఒప్పందం. దస్తావేజులన్నీ పక్కాగా ఉన్నాయి. 1939 ఆగస్టు 23న మాస్కోలో హిట్లర్ మంత్రీ స్టాలిన్ మంత్రీ కలిసి తూర్పు యూరప్‌ను రహస్యంగా పంచుకున్నారు. నెల తిరిగేసరికి ఎస్తోనియాను పిలిచి, మా సైన్యానికి మీ దేశంలో స్థావరాలు ఇవ్వండి అన్నారు. ఎస్తోనియా ప్రభుత్వం అచ్చం జయపురం అన్నగారిలాగే ఆలోచించింది. మనం చిన్నవాళ్ళం, పోరాడితే చస్తాం, సంతకం పెడితే బతుకుతాం అనుకుంది. సెప్టెంబరు 28న సంతకం పెట్టింది. 25,000 మంది ఎర్రసైన్యం లోపలికొచ్చింది. అది ఎస్తోనియా సొంత సైన్యం కన్నా ఎక్కువ.

అదే కోరిక ఫిన్లాండ్‌ను కూడా కోరారు. ఫిన్లాండ్ ఒప్పుకోలేదు. నవంబరు 30న యుద్ధం వచ్చింది. 1940 మార్చి దాకా మంచులో పోరాడి, కొంత భూమి పోగొట్టుకుని, దేశాన్ని మాత్రం నిలబెట్టుకున్నారు. ఆ యుద్ధంలో సోవియట్ బాంబర్లు కొన్ని ఎస్తోనియాలోని స్థావరాల నుంచే ఫిన్లాండ్ మీదకు లేచాయి. తోక లాగనివాడి పెరట్లోంచే పక్కింటి మీదకు నిప్పు విసిరారు, గమనించండి.

మరి తోక లాగని ఎస్తోనియాకు ఏం దక్కింది? 1940 జూన్ 17న దేశం మొత్తం ఆక్రమణ. ఒప్పందానికి తలొగ్గిన అధ్యక్షుడు కాన్‌స్టాంటిన్ ప్యాట్స్‌ను జూలైలో రష్యాకు తరలించారు. ఆయన 1956లో అక్కడే ఒక మానసిక చికిత్సాలయంలో పోయారు. 1941 జూన్ 14న సుమారు 10,000 మందిని గూడ్సు పెట్టెల్లో ఎక్కించి సైబీరియాకు పంపారు. 1949 మార్చిలో 20,000 మందికి పైగా. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. 2021 నుంచి 2024 దాకా ఎస్తోనియా ప్రధానిగా చేసిన కాయా కల్లాస్ ఉన్నారు కదా, ఆమె తల్లి అప్పటికి ఆరు నెలల పసిగుడ్డు. ఆ పసిదాన్ని తల్లితో, అమ్మమ్మతో కలిపి ఆ బండి ఎక్కించారు.

అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి ప్రధాని అయితే ఫిరంగులు ఇవ్వక ఏం చేస్తుంది? ఎదురు తిరిగితే నష్టం, నిజమే. తిరగకపోతే ఇంకా పెద్ద నష్టమని ఆ దేశం లెక్క కట్టుకుంది. ఆ లెక్క మనం ఇక్కడ కూర్చుని కొట్టేయలేం. 1994లో ఉక్రెయిన్ కూడా తన దగ్గరున్న అణ్వాయుధాలు వదులుకుని, సరిహద్దులు గౌరవిస్తామని రష్యా పెట్టిన సంతకం తీసుకుంది. ముప్పై ఏళ్ళుగా కాగితాలతోనే బతుకుతున్నవాణ్ణి నేను. కాగితం వెనక నిలబడే మనిషి లేకపోతే ఆ కాగితంతో పకోడీలు కట్టుకోవాల్సిందే.

పర్లాకిమిడి టీచరమ్మ

వకీలు గారు చెప్పింది కాదనను. కానీ ఇక్కడ ఎవరూ ముట్టుకోని విషయం ఒకటుంది. మనలాంటివాళ్ళే దాని గురించి మాట్లాడాలి.

ఎస్తోనియా జనాభాలో ఇంచుమించు అయిదో వంతు రష్యన్లు. నార్వా అనే సరిహద్దు పట్టణంలో దాదాపు అందరూ రష్యనే మాట్లాడతారు. నదికి ఇటు నార్వా కోట, అటు రష్యావైపు ఇవాన్‌గొరొద్ కోట, ఎదురెదురుగా. 2023 నుంచి మే 9న రష్యా తన ఒడ్డున పెద్ద తెర కట్టి, ఇటువైపు జనానికి కనపడేలా కచేరీ పెడుతోంది. ఇటువైపు వాళ్ళు నది ఒడ్డుకు వచ్చి చూస్తారు. ఎస్తోనియావాళ్ళు తమ కోటగోడకు పుతిన్ యుద్ధనేరస్థుడు అని పెద్ద గుడ్డ కడతారు. మధ్యలో ఆ జనం.

నేను ఆ జనంలో నన్ను చూసుకుంటాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. మహేంద్రతనయ ఒడ్డున మేమూ, కూతవేటు దూరంలో పాతపట్నం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మా అమ్మ జోలపాట తెలుగు, నా కొలువు ఒడిశా రాష్ట్రం ఇచ్చింది. నేను ఈ రాష్ట్రపు మనిషిని. రేపెవరైనా వచ్చి "మీరు తెలుగు మాట్లాడతారు కాబట్టి మిమ్మల్ని కాపాడడానికి వచ్చాం" అని తుపాకులతో దిగితే ముందు ఎదురుతిరిగేది నేనే. ఒడిశాకూ ఆంధ్రకూ మధ్య కొటియా గ్రామాల తగువుంది. రెండు రాష్ట్రాల బళ్ళు, రెండు రాష్ట్రాల కార్డులు, అప్పుడప్పుడు మాటామాటా. అయినా అది కోర్టుల్లోనే నడుస్తోంది. ఎవరూ ట్యాంకులు పంపలేదు. రష్యా మాత్రం 2014లో క్రిమియాను రష్యన్ మాట్లాడేవాళ్ళ రక్షణ అనే పేరుతోనే తీసుకుంది. 2022 జూన్‌లో పుతిన్, పాతకాలపు రష్యా చక్రవర్తి పీటర్ తమ భూములు వెనక్కి తీసుకున్నాడని మాట్లాడుతూ నార్వా పేరు ఎత్తారు. ఆ మాట విన్న రాత్రి ఎస్తోనియాలో ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది? నేనైతే ఉక్రెయిన్‌కు సాయం చేయడానికి వాళ్ళకున్న అసలు కారణం ఇదే అంటాను. భాషను సాకుగా పెట్టుకుని భూమి లాక్కోవడం ఒక చోట చెల్లితే ఇంకో చోట కూడా చెల్లుతుంది.

ఇంతవరకూ నేను ఎస్తోనియా వైపే. ఇక్కణ్ణుంచి కాదు.

1991లో స్వాతంత్ర్యం తిరిగొచ్చాక, 1940కి ముందున్న పౌరులకూ వాళ్ళ వారసులకే పౌరసత్వం నేరుగా ఇచ్చారు. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడ్డ రష్యన్లు ఎస్తోనియన్ భాష పరీక్ష పాసవ్వాలి. ఇప్పటికీ ఏ దేశ పౌరసత్వమూ లేకుండా బూడిదరంగు పాస్‌పోర్టుతో బతుకుతున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. 2024 సెప్టెంబరు నుంచి రష్యన్ బళ్ళను ఎస్తోనియన్ మాధ్యమంలోకి మార్చడం మొదలుపెట్టారు. 2025 మార్చిలో రాజ్యాంగం సవరించి, రష్యా పౌరులకు స్థానిక ఎన్నికల్లో ఉన్న ఓటు తీసేశారు. మా ఊళ్ళో తెలుగు చదివే పిల్లలు ఏడాదికేడాది తగ్గిపోవడం చూస్తున్నదాన్ని నేను. క్లాసులో పదకొండుమంది ఉన్నప్పుడు పేరు పిలిచాను. నలుగురున్నప్పుడూ పిలిచాను. పేర్లు తొందరగా అయిపోతాయి, ఆ తరవాత గది నిశ్శబ్దంగా ఉంటుంది. పిల్లల భాష తీసేసి వాళ్ళ ప్రేమ సంపాదించాలనుకోవడం జరిగే పని కాదు. కీవ్‌కు ఫిరంగులు పంపినంత శ్రద్ధతో నార్వా బడిపిల్లలతో కూడా మెలగాలి. దేశానికి అదీ రక్షణే.

జయపురం కిరాణా

టీచరమ్మ గారూ, మీ మాట మనసుకు తగిలింది. వకీలు గారు చెప్పిన 1939 కథ నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఎస్తోనియా సైనికులు అఫ్గానిస్తాన్‌లో 9 మంది, ఇరాక్‌లో ఇద్దరు చనిపోయారు. ఇరాక్ వాళ్ళకు ఏపాటి శత్రువు? బాగ్దాద్ నుంచి నార్వాకు ఎవరైనా వచ్చారా? చిన్న దేశానికి మీరంటున్న ధర్మం ఉంటే ఇరాక్ విషయంలో ఆ ధర్మం ఏమైంది? పెద్దన్న పిలిచాడు, వెళ్ళారు. ఉక్రెయిన్ సంగతి కూడా అంతేనని నా అనుమానం.

గుణుపురం మాజీ జవాను

మంచి ప్రశ్న అడిగారు. తప్పించుకోకుండా చెప్తాను. ఇరాక్ విషయంలో మీరన్నది నిజమే. వాళ్ళు వెళ్ళింది అమెరికా కోసమే. 2004లో అమెరికా ఉన్న సైనిక కూటమి నాటోలో చేరారు. రేపు మా ఇంటికి దొంగలొస్తే మీరు రావాలి కాబట్టి ఈరోజు మీ పొలం పనికి మేమొస్తున్నాం అన్నట్టు. మన పల్లెల్లో చేబదులు పని ఉంటుంది కదా, నీ ఊడుపులకి నేను, నా ఊడుపులకి నువ్వు. ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఇరాక్‌లో ఆ చేబదులు కిందే పోయారు. నాకు అది న్యాయమనిపించదు. ఆ తల్లులకు ఏ ప్రభుత్వమూ సమాధానం చెప్పలేదు.

ఉక్రెయిన్ మాత్రం అలా కాదు. అక్కడ పెద్దన్న పిలవకముందే వీళ్ళు పంపారు. జర్మనీ ఇవ్వొద్దన్నట్టు కూర్చుంటే, వీళ్ళు ఇస్తామని గింజుకున్నారు. పిలిస్తే వెళ్ళినవాడికీ పిలవకముందే లేచినవాడికీ తేడా చూడండి.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. 2017లో డోక్లాంలో చైనా రోడ్డు వేస్తుంటే మన జవాన్లు వెళ్ళి 70 రోజులకు పైగా ఎదురు నిలబడ్డారు. ఆ నేల మనది కాదు, భూటాన్‌ది. ఎందుకెళ్ళాం? ఆ గుట్ట పోతే కింద సిలిగురి దారి మనకు దక్కదని. భూటాన్ మీద ప్రేమ ఒకటి, మన మెడ మీద కత్తి ఒకటి. రెండూ నిజమే. ఎస్తోనియాదీ అదే కథ. పెద్ద దేశం చేస్తే వ్యూహం, చిన్న దేశం చేస్తే పొగరు అనడం న్యాయం కాదు కదండీ.

బరంపురం వకీలు

జవాను గారికి నా నమస్కారం. ఒక్క మాట కలుపుతాను. నాటోలో ఉన్నారు కాబట్టి ఎస్తోనియా నిశ్చింతగా ఉండొచ్చు, ఉక్రెయిన్ గొడవ వాళ్ళకెందుకు అని కొందరంటారు. వాళ్ళు ఫిన్లాండ్‌ను చూడాలి. రెండో ప్రపంచయుద్ధం తరవాత దశాబ్దాలపాటు ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా జాగ్రత్తగా నడిచిన దేశం అది. అలాంటిది 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. సంయమనం పాటించినవాళ్ళే దారి మార్చుకున్నారంటే ఆ ప్రాంతంలో భయం ఎంత లోతుగా పాకిందో ఆలోచించండి.

రాయగడ కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. మొత్తం నాన్నకు చదివి వినిపించాను. వకీలు గారు రాసిన ఆరు నెలల పసిబిడ్డ దగ్గర ఆపమన్నారు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ చదవమన్నారు.

అంతా విన్నాక ఆ నోటుబుక్కు తీశారు. అందులో ఒక పేజీలో ఊళ్ళ పేర్లు రాసి ఉన్నాయి. జపోరిజియా అన్న చోట వేలు పెట్టి, "మన ఏఎన్-32 విమానాల ఇంజిన్లు ఈ ఊరివి. ఇది ఉక్రెయిన్" అన్నారు. తరవాత ఆయనే, విశాఖలో ఉండిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ఓడను కట్టింది మికొలాయివ్‌లో, అది కూడా ఉక్రెయినే అన్నారు. "మేం అప్పుడు అందరినీ రష్యావాళ్ళనే అనేవాళ్ళం. ఎవరు ఏ ఊరివాళ్ళో ఎవరడిగారు?" అని చాలాసేపు ఊరుకున్నారు. ఆయన మనసు మారిందని నేను చెప్పను. రష్యాను శత్రువు అనడానికి ఇప్పటికీ ఒప్పుకోరు. కానీ మనం బాకీపడ్డది ఒక్క మాస్కోకే కాదు అన్నారు. ఆ మాట నాకు చాలు. మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం.

టీచరమ్మ గారిని ఒకటి అడగమన్నారు. నార్వాలో ఉన్నవాళ్ళకు నది అవతల చుట్టాలుంటే ఇప్పుడు ఎలా వెళ్తున్నారు?

పర్లాకిమిడి టీచరమ్మ

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ రెండు కోటల పక్కనే ఒక వంతెన ఉంది. దాని పేరు స్నేహ వంతెన. 2024 ఫిబ్రవరి నుంచి బండ్లు వెళ్ళడం లేదు, మరమ్మతులని రష్యా తనవైపు ఆపేసింది. నడిచే వెళ్ళాలి. ఆ ఏడాది మే నుంచి రాత్రిళ్ళు ఎస్తోనియా మూసేస్తోంది. పెద్దవాళ్ళు చక్రాల సంచులు లాక్కుంటూ క్యూలో గంటల తరబడి నిలబడతారు. సామాను విప్పి చూస్తారు. చలికాలంలో కూడా అంతే.

రాయగడ కుర్రాడు

చెప్పాను మేడమ్. ఏమీ అనలేదు. కాసేపాగి రేపు పార్వతీపురం పాసింజరు ఎన్నింటికని అడిగారు. మా అత్తయ్య ఉండేది అక్కడే. సంక్రాంతి నుంచి వెళ్ళలేదు. నన్ను కూడా రమ్మన్నారు.